గుట్ట జారకముందే కదులుదాం!

పాలమూరు అక్కలారా! నల్లగొండ అన్నలారా! కరువు పనికి పోయే తల్లులారా!

2019 ఏప్రిల్ 10 యాదికున్నదా?

తెల్లారితే పార్లమెంటు ఓట్లు. మైకులు బందైనయి. నాయకులు లెక్కలు వేసుకుంట కూసున్నరు. ఆ రోజు నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో ఆడోళ్లు తట్ట చంకన పెట్టుకుని, పార భుజాన వేసుకుని, ఎప్పటిలెక్కనే కరువు పనికి, అదే ఉపాధి హామీ పనికి, పోయిన్రు. ఏప్రిల్ ఎండ ఎట్లుంటదో మీకు చెప్పాల్నా? చెట్టు లేని చోట మట్టిదిబ్బ నీడే నీడ. ఆ దిబ్బే మీద పడ్డది! పది మంది తల్లులు మట్టి కింద ఊపిరాడక పోయిన్రు. పది మంది!

తెల్లారి ఓట్లు పడ్డయి. ఊరు ఏడుస్తనే ఉన్నది.

ఒక్కసారి ఆలోచించుండ్రి. అదే మట్టి ఉత్తరాఖండ్‌లో జారితే టీవీలో పొద్దంతా "కొండచరియలు విరిగిపడ్డాయి" అంటరు. తీలేరులో జారితే "ప్రమాదం" అంటరు. పేరు మారితే మట్టి బరువు మారుతదా? కింద పడ్డ పానం మారుతదా?

మనకు చిన్నప్పటి నుంచి ఒక మాట చెప్పిన్రు. మనది మెట్ట నేల. మనకు తుపాను రాదు, వరద రాదు, కొండ జారదు. మనకు వచ్చేది కరువొక్కటే అని. ఆ మాట నమ్మి మనం ఆకాశం వైపు మొగులు కోసం చూసుడే నేర్చుకున్నం. మొగులు మీద పడుతుంటే ఏం చేయాల్నో ఎవ్వరూ నేర్పలేదు.

లెక్క చూడుండ్రి! 2021 అక్టోబర్. గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో వానకు నానిన గోడ కూలి ఒక్క ఇంట్ల ఐదుగురు పోయిన్రు. 2024 జులై ఒకటి. నాగర్‌కర్నూల్ పక్కన వనపట్లలో మట్టి మిద్దె కూలి తల్లీ, ముగ్గురు పిల్లలు పోయిన్రు. నిద్రల పోయిన్రు! గుట్ట మీదికి పోలేదు, లోయల దిగలేదు. చాప పరుచుకుని ఇంట్ల పండుకున్నరు. ఇది కొండచరియ కాదా? మన కొండ మన నెత్తి మీదనే ఉన్నది. దాన్ని మనం మిద్దె అంటం!

మిద్దె సంగతి మీకు తెలవందా? అయినా చెప్తం, ఎందుకంటే హైదరాబాద్‌ల ఏసీ గదుల కూసున్నోళ్లకు తెల్వదు. దూలాల మీద వాసాలు, వాసాల మీద కట్టె, ఆ పైన చౌడు మట్టి. ప్రతి ఎండాకాలం ఇల్లు కురవకుండ ఇంకో పొర చౌడు పోస్తం. తాత పోసిండు, నాయిన పోసిండు, మనం పోస్తున్నం. నలభై ఏండ్ల పొరలు ఆ దూలాల మీద ఉన్నయి. ముసురు పడితే ఆ మట్టి తడుస్తది, ఎండ కొడితే ఆరుతది. ఆ ముసురు లెక్కకే తాత గోడ కట్టిండు. ఇప్పుడు ముసురేది? పదిహేను రోజులు ఎండి నెర్రెలు పట్టినంక ఒక్క రాత్రి కుండలు పోసినట్టు దంచుతది. నెర్రెలకెళ్లి నీళ్లు లోపలికి దిగుతయి. పైన చౌడు నీళ్లు తాగి బరువెక్కుతది. కింద గోడ అడుగు నాని మెత్తబడతది. పైన బరువు, కింద బురద! ఇగ నిలబడుడు ఎట్ల?

2025 అక్టోబర్‌ల మొంథా తుపాను వానకు మా ఇంట్ల ఏమైందో చెప్తం. అర్ధరాత్రి జలజల మట్టి రాలిన చప్పుడు. ఎలుక తోడుతున్నదేమో అనుకున్నం. మళ్ల జలజల. సెల్లు లైటు కొట్టి చూస్తే మూల గోడకు పైనుంచి కిందికి నెర్రె! వేలు పెడితే లోపలికి పోయింది. మట్టి చల్లగ, జిగటగ తగిలింది. తలుపు తీయబోతే రాలేదు. గోడ ఒంగి చౌకట్టు బిగుసుకున్నది. ఇద్దరం కలిసి గుంజితే వచ్చింది. ముసలమ్మను, పిల్లలను ఎత్తుకుని బడి వరండాలకు ఉరికినం. ఆ రాత్రి వరండాల ఇంకో నాలుగిండ్లోళ్లున్నరు. అందరిదీ ఒకటే కథ. ఆ చప్పుడు మీరు ఎన్నడన్న విన్నరా? విన్నోళ్లు చెయ్యెత్తుండ్రి! ఒక్క ఊర్ల ఎన్ని చేతులు లేస్తయో చూద్దాం!

వాన ఎందుకు మారింది? దేవుడి కోపమా? కాదు. గాలి వేడెక్కింది. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే గాలి ఏడు శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటది. సంచి పెద్దదైనట్టు. ఎక్కువ రోజులు పట్టుకుని ఉంటది, అందుకే వానకు వానకు నడుమ ఎండు కాలం పొడుగైతున్నది. వదిలినప్పుడు అంతా ఒక్కసారే గుమ్మరిస్తది. 1901 నుంచి 2018 వరకు మన దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కిందని కేంద్ర సర్కారు సొంత నివేదికలనే రాసుకున్నది. మధ్య భారతంలో కుండపోత వానలు 1950 నుంచి 2015 లోపల మూడింతలైనయని పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2017లోనే చెప్పిన్రు. 2024 జులై 30న కేరళ వాయనాడ్‌లో అర్ధరాత్రి కొండ జారి రెండొందల మందికి పైగా మట్టిల కలిసిన్రు. భూమి వేడెక్కుడు వల్ల ఆ వాన పది శాతం ఎక్కువ పడ్డదని శాస్త్రవేత్తలు లెక్క తేల్చిన్రు. పది శాతమే కదా అనకుండ్రి! మోయలేని బరువు మోసేటోడి నెత్తిన ఇంకో తట్ట పెట్టి చూడుండ్రి, తెలుస్తది!

ఈ వేడి మన పొయ్యి పొగతో వచ్చిందా? మన ఎడ్లబండితో వచ్చిందా? నూటయాభై ఏండ్ల సంది బొగ్గు, చమురు కాల్చి మేడలు కట్టుకున్న దేశాలు ఎక్కడివి? తీలేరు ఎక్కడిది? వాళ్ల పొగకు మన మిద్దె కూలాల్నా?

సముద్రం దూరం కదా అనుకుంటున్నరా? 2024 ఆగస్టు ఆఖరుకు బంగాళాఖాతంలో వాయుగుండం లేచింది. కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆగస్టు 31న అదే వానకు విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు దొర్లి ఇండ్ల మీద పడి పానాలు తీసినయి. ఆ మరునాడు సెప్టెంబర్ ఒకటిన మన కోదాడ మునిగింది. మనుషులు కొట్టుకపోయిన్రు. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డది. పొలాల మీద ఇసుక మేట! అక్కడ కొండ, ఇక్కడ కట్ట. సముద్రం పక్కనోళ్లు, మనం వేరు వేరు కాదు. ఒకే మొగులు కింద బతుకుతున్నం.

మరి నల్లమల? హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే తొవ్వ మన్ననూరు దాటినంక అడవిల పడతది. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. ఒక పక్క నిలువు గుట్ట, ఒక పక్క లోయ. బస్సుల పోయేటప్పుడు కిటికీలకెళ్లి చూడుండ్రి. గుట్ట కోసిన చోట రాయి పొరలు పొరలుగ కనిపిస్తది, పుస్తకం పుటల లెక్క. పొరకు పొరకు నడుమ మెత్తని సుద్ద. నీళ్లు ఆ పొరల నడుమకు దిగితే పై పొర కింది పొర మీదకెళ్లి జారుతది. నూనె పూసిన పలక మీద రాయి పెట్టినట్టే! మొంథా వానకు ఈ తొవ్వ డిండి వాగు కాడ, లత్తిపూర్ దగ్గర కోసుకపోయింది. అవతల శ్రీశైలం పాతాళగంగ కాడ కొండచరియలు విరిగిపడ్డయి. ఆ తొవ్వే కదా మన చెంచు అన్నలకు దవాఖానకు దిక్కు! బియ్యానికి దిక్కు! తొవ్వ తెగితే బాలింత ఎటు పోవాలె?

దోమలపెంట అంటే ఇంకో గాయం. 2025 ఫిబ్రవరి 22. అక్కడ నల్లగొండకు నీళ్ల కోసం తవ్వుతున్న దాదాపు 44 కిలోమీటర్ల శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో కప్పు కూలింది. జార్ఖండ్, యూపీ, పంజాబ్, కశ్మీర్ నుంచి వచ్చిన ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు. ఇద్దరి శవాలే బయటికొచ్చినయి. ఆరుగురు ఇంకా ఆ గుట్ట కిందనే ఉన్నరు! అది వాన చేసిన పని కాదు, నిజమే చెప్పాలె. ఆ రాయి ఎంత పలిగి ఉన్నదో, దాని కడుపుల ఎంత నీళ్ల ఊట ఉన్నదో ఆ రోజు లోకమంతా చూసింది. అటువంటి గుట్ట మీద రేపు రెండింతల వాన పడితే? పైన తొవ్వ ఉన్నది, బస్సులున్నయి, జాతరకొచ్చే జనమున్నరు. ఏటా చైత్ర పున్నమికి సలేశ్వరం లోయలకు రాళ్ల మీదకెళ్లి దిగేటి వేల మంది మన చుట్టాలే కదా!

ఇగ నల్లగొండ గుండ్ల సంగతి. దేవరకొండ, రాచకొండ, నల్లగొండ పట్నంల కాపురాల గుట్ట. గుండు మీద గుండు పేర్చినట్టుంటయి. ఎవరు పేర్చిన్రు? ఎవ్వరూ పేర్చలేదు. వేల వేల ఏండ్ల వాన వాటి చుట్టున్న మెత్తని రాయిని మొరం చేసి కడిగేసింది. గట్టి గుండ్లు మిగిలినయి. వాటిని పట్టుకున్నది అడుగున్న పిడికెడు మొరమే. దగ్గరికి పోయి చూడుండ్రి. వాన వెలిసిన తెల్లారి గుండు కింద ఎర్రటి కాలువ కోసుకుని ఉంటది, చీమల పుట్ట చెదిరినట్టు మొరం కుప్ప పడి ఉంటది. ఏటా కొంత, ఏటా కొంత. దానికి తోడు మనోళ్లే టిప్పర్లు పెట్టి గుట్ట కాళ్లు నరుకుతున్నరు. మొరం ఎత్తుకపోతున్నరు. కంకర కోసం బాంబులు పెడుతున్నరు. ఇంట్ల సర్వలు ఎగురుతయి, గోడలు పలుగుతయి. ఆ నెర్రెల నుంచే రేపు వాన దిగేది! గుట్ట కాళ్లు నరికి, నెత్తిన కుండపోత పోస్తే గుండు ఎవరి మీదికి దొర్లాలె? గుట్ట కింద ఇల్లు కట్టుకున్నదెవరు? పట్టా ఉన్న జాగ దొరకక అక్కడ గుడిసె వేసుకున్న మనమే కదా!

ఇంకో మాట. ఇది చెప్తుంటే కడుపు మండుతది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు తవ్వినోళ్లం, కాలువలు తవ్వినోళ్లం. కొండ కోసి రోడ్డు వేసేది మనమే. రాత్రి ఆ కోసిన గట్టు కిందనే టార్పాలిన్ కట్టుకుని పండుకునేది మనమే. గుత్తేదారు పక్కా షెడ్డుల ఉంటడు, మనం గట్టు కింద ఉంటం. అక్కడ కొండ జారితే మన పేరు ఏ రిజిస్టర్ల ఉన్నది? 1979లనే అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం చేసిన్రు. పేరు రాయాలె అన్నరు. మన ఊర్ల ఎంత మంది పేర్లు రాసిన్రు? మీ మేస్త్రిని అడిగి చూడుండ్రి, నోరు విప్పుతడేమో!

సర్కారు దగ్గర మ్యాపులు లేవా? ఉన్నయి! హైదరాబాద్ బాలానగర్‌ల ఉన్న ఇస్రో వాళ్ల శాటిలైట్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ 2023ల దేశమంతటి కొండచరియల అట్లాసు తెచ్చింది. ఆకాశం నుంచి చూసి ఎనభై వేల చోట్లు గుర్తు పెట్టిన్రు. మంచి పని, మెచ్చుకోవాలె. భూగర్భ సర్వే వాళ్ల లెక్కల దేశం నేలల నూటికి పన్నెండు వంతులకు పైగా కొండ జారే నేల. తూర్పు కనుమల్ల అరకు పేరుంటది. బాగనే ఉన్నది. మరి శాటిలైట్‌కు ఉత్తరాఖండ్ రుద్రప్రయాగ కనిపిస్తది, మీ మిద్దె మూల నెర్రె కనిపిస్తదా? తీలేరు దిబ్బ ఏ మ్యాపుల ఉన్నది? అది మన కంటికే కనిపిస్తది. మన వేలికే తగులుతది. అందుకే ఆ లెక్క మనమే రాయాలె! మనం రాసి సర్కారు చేతుల పెట్టాలె, సంతకం తీసుకోవాలె!

ఎప్పుడు? వాన పడ్డంక కాదు! పిల్లలు పోయినంక ఐదు లక్షల చెక్కు పట్టుకుని ఫోటో దిగుడు మనకొద్దు. రోహిణి కార్తెల చేయాలె. మృగశిర రాకముందే కావాలె.

ప్రతి ఊర్ల గ్రామసభ పెట్టి మట్టి ఇండ్లు లెక్కపెట్టాలె. గోడ ఒంగినయి, దూలం పుచ్చినయి, అడుగు నానినయి వేరుగ రాయాలె. ఇందిరమ్మ ఇండ్ల జాబితాల ముందు వరుస ఆ ఇండ్లోళ్లదే కావాలె. ఏ పార్టీ జెండా మోసిన్రు అని కాదు, ఎవరి గోడ ముందు కూలుతదని చూడాలె! ఇల్లు వచ్చేదాక, పెద్ద వాన కబురు వచ్చిన రాత్రి బడి తాళం తీసి పెట్టాలె. తాళం ఎవరి దగ్గరుంటదో ఊరందరికీ తెలవాలె. మొంథా రాత్రి మేము బడికి ఉరికితే గదులకు తాళాలున్నయి, వరండాలనే తడుసుకుంట కూసున్నం.

కరువు పని కాడ నీడ కావాలె. ఇది మనం అడుక్కునుడు కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలనే రాసిన్రు. పని చోట తాగే నీళ్లు, నీడ, మందుల పెట్టె ఉండాలె అని. తీలేరు తల్లులకు ఒక్క టెంటు వేసి ఉంటే దిబ్బ నీడతో పనేముండె? గజం గుడ్డ! గజం గుడ్డ లేక పది పానాలు! ఇగ నుంచి దిబ్బను అడుగు నుంచి తొలిచే పని చెప్తే పార కింద పెట్టుండ్రి. పైనుంచి మెట్లు మెట్లుగ తవ్వుదాం అనుండ్రి. మేటు ఒప్పుకోకపోతే అందరం ఒక్కసారే ఒడ్డుకెక్కుదాం. ఒక్కరు ఆగితే మస్టర్ల పేరు కొట్టేస్తరు. నలభై మంది ఆగితే ఏం చేస్తరు?

గుట్ట అడుగున మొరం తవ్వుడు బంద్ కావాలె. ఇండ్లున్న పక్క బాంబులు బంద్ కావాలె. రాళ్లు పడకుండ శ్రీశైలం తొవ్వ పక్క గుట్టకు వల కట్టాలె, గుట్ట లోపలి నీళ్లు బయటికి పోయే తూములు పెట్టాలె, పెద్ద వాన రోజు ముందుగాల్లనే చెప్పి బండ్లు ఆపాలె. డబ్బుల్లేవంటరు. గండి పూడ్చే డబ్బులు ఎక్కడి నుంచి వస్తున్నయి?

సర్కారు కదిలేలోపు మన కళ్లు మనం తెరిచి పెట్టుకుందాం. అక్కా! ఇయ్యాలనే ఇంటి చుట్టు తిరుగు. నెర్రె కనిపిస్తే దాని కొనకు బొగ్గుతో గీత గీసి తేదీ వెయ్. వారానికి గీత దాటిందా? లెక్క రాయి. నిన్నటిదాక సాఫుగ తెరుచుకున్న తలుపు ఇయ్యాల బిగుసుకున్నదా? గోడ నుంచి మట్టి జలజల రాలుతున్నదా? గుట్ట కింద కొత్తగ ఊట పుట్టి బురద నీళ్లు వస్తున్నయా? చెట్టు, కరెంటు స్తంభం ఒంగినయా? ఆగకు! సామాను కోసం మళ్ల లోపలికి పోకు! పిల్లలను, ముసలోళ్లను తీసుకుని బయటపడు. పక్కింటోళ్ల తలుపు కొట్టు. చౌడు కొత్తది పోసే ముందు పాత పొరలు తోడేసి పొయ్, దూలం మీద బరువు తగ్గుతది. ఇంటి వెనక నీళ్లు గోడకు ఆనకుండ మూరెడు కాలువ తియ్. ఒంటరి అవ్వలున్న ఇండ్లకు ఊరి పోరగాండ్లు పోయి తీయాలె. తమ్మీ, ఒక్క పొద్దు పని!

సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి. ఎనిమిది జిల్లాలు! ఒకనాడు మనవి రెండే జిల్లాలు. గీతలు గీసి విడదీసినా మన మట్టి ఒక్కటే. రోహిణి కార్తె వచ్చేదాక ప్రతి సోమవారం ప్రతి ఊరి నుంచి పది మంది పోదాం. కాయితం ఇద్దాం, రసీదు తెచ్చుకుందాం. తీలేరు పది మంది పేరు మీద పది మంది!

ఈ కాయితం చింపి పారేయకుండ్రి. వెనక ఖాళీ ఉంచినం. దాని మీద మీ ఇంటి నంబరు, ఏ గోడకు నెర్రె ఉన్నది, ఎన్ని జానల పొడుగున్నది, ఇంట్ల ఎంత మంది పండుకుంటరు రాయుండ్రి. రాయొచ్చినోళ్లు రానోళ్లకు రాసిపెట్టుండ్రి. వచ్చే గ్రామసభకు పట్టుకుని రాండ్రి!

ఇట్లు
మీ తోటి కరువు పని కూలీలు, మట్టి ఇండ్లోళ్లు
పాలమూరు, నల్లగొండ